తుపాకీకి ఆముదం

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి పప్పన్నం తినడానికి వచ్చే స్టూడెంట్ పిల్లల్లో ఎవరో ఒకరు రెండో ముద్ద దగ్గర అడుగుతారు: "ఆంటీ, మీరు రిటైర్ కాకముందు ఏం చేసేవారు? క్యూఏనా?"

కాదు నాయనా. టెక్సాస్‌లో ఈ ఇర్వింగ్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగే చెయ్యాలని రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు. నేను పదిహేడేళ్ళు తుపాకీ చెక్కలకు నూనె రాశాను.

ఈ మాట అనగానే మీ మూడో ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ఆ తరవాత వరసగా ప్రశ్నలు. అవన్నీ చెప్పేసరికి నా అన్నం చల్లారిపోతుంది. అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి నా భోజనం నేను చేస్తాను.

తుపాకీలో ఇనుము కాని భాగం, భుజానికి ఆనించి చెంప ఆన్చి గురి చూసే చెక్క, దాన్ని స్టాక్ అంటారు, ఎక్కువగా వాల్‌నట్ చెక్కతో చేస్తారు. మా ఆయన పార్టీల్లో "మా ఆవిడ స్టాక్స్‌లో ఉంది" అని చెప్పి ఊరుకునేవారు. అబద్ధం కాదు కాబట్టి ఆయన మనస్సాక్షికి ఇబ్బంది లేదు. ఒక పెద్దమనిషి ఆర్నెల్లు నా వెంటపడి "ఏది కొనమంటారు వదినగారూ" అని వేధిస్తే, వాల్‌నట్ కొనమన్నాను. ఆయన నిజంగానే వెళ్ళి వెతుక్కున్నాడట.

మా ఆయన హెచ్‌వన్ మీద వస్తే ఆయన వెనకాల నేను డిపెండెంట్‌గా వచ్చాను. బోటనీలో ఎమ్మెస్సీ చేసిన దాన్ని, ఎనిమిదేళ్ళు ఉద్యోగం చెయ్యకూడదన్నారు. గ్రీన్ కార్డ్ వచ్చాక ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా "ఈ గ్యాప్‌లో ఏం చేశారు?" అనేవారు. "మీ గవర్నమెంట్ చెప్పిన మాట విన్నాను" అనేదాన్ని. ఉద్యోగం ఎవరిస్తారు?

ఒకరోజు ఇర్వింగ్ నుంచి పడమరగా హైవే మీద నలభై నిమిషాలు పోయాక కారు టైరు పేలింది. పక్కనే ఒక రేకుల షెడ్డు, దాని తలుపుకి 'మనిషి కావాలి, చేతులు నిదానంగా ఉండాలి' అని ఒక అట్టముక్క. మా ఆయన టైరుతో కుస్తీ పడుతుంటే నేను బాత్రూమ్ అడగడానికి లోపలికి వెళ్ళి ఉద్యోగంతో బయటికి వచ్చాను. షాపు ఓనర్ అరవై దాటిన టెక్సాస్ మనిషి. ఆయన నన్ను ఒకటే అడిగాడు.

"నాలుగు గంటలు ఒక చోట కదలకుండా కూర్చోగలవా?"

"ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉంది," అన్నాను.

మా ఆయన టైరు బిగించి, కారు పది మైళ్ళు నడిపారు. ఆ తరవాత "గన్స్ అంటే రిస్క్ కదా, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారా?" అన్నారు. ఇస్తారన్నాను. "అయితే ఓకే" అన్నారు. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి.

షాపులో మేం ముగ్గురమే. ఇనుము పని ఓనర్‌ది, ఆయన్ని నేను పెద్దాయన అనేదాన్ని. కౌంటర్, ఫోన్లు, కసుర్లు ఆయన భార్యవి. నూనె బల్ల నాది. నాలుగో ప్రాణి ఒక పసుపు పిల్లి, దానికి ఏ పనీ లేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఆ దారిన పోయే ప్రతి వేటగాడికీ ఇండియా గురించిన సందేహాలన్నీ తీర్చేదాన్ని నేనే.

మా షాపులో వాడేది అవిసె నూనె. అరచేతిలో మూడు చుక్కలు వేసుకోవాలి, చెక్క గోరువెచ్చగా అయ్యేదాకా రుద్దాలి, మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి, ఒక రోజు ఆరనివ్వాలి. మర్నాడు మళ్ళీ మూడు చుక్కలు. ఇలా పన్నెండు రోజులు. నూనె చెక్కలోకి ఇంకి గట్టిపడాలి గానీ పైన తేలకూడదు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలకపోతే ప్రాణం కొట్టుకునే జాతి మనది. నాకు ఆ మూడు చుక్కలు చూస్తే ఒట్టి పిసినారితనంగా అనిపించేది. నాలుగో చుక్క వేస్తే పెద్దాయన షెడ్డు ఆ మూలనుంచే కనిపెట్టి దగ్గేవాడు.

ఆయనకి ఇంకో పద్ధతి ఉండేది. పని అయిపోయిన చెక్క మీద చెంప ఆన్చి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఉండాలి. చెంపకి ఏమాత్రం జిడ్డు తగిలినా, అంటుకున్నా, ఆ చెక్క బల్ల మీదికి తిరిగొస్తుంది. ఏమీ లేకపోతే, ఎవరు నూనె రాశారో వాళ్ళే ఆ పని కార్డు మీద చివరి గీత దగ్గర సంతకం పెట్టాలి. సంతకం పడితేనే పని పూర్తయినట్టు. ఆయన సంతకాలు పెట్టిన కార్డులు అట్టపెట్టెల నిండా ఉండేవి. నాలుగేళ్ళలో నా సంతకాలతో కూడా ఒక పెట్టె నిండింది. ఆ పెట్టెని చూసి నాకు కాస్త కొమ్ములు కూడా మొలిచాయి. ఇప్పుడు చెప్పబోయేది ఆ కొమ్ముల సంగతే.

ఆ ఏడాది ఆగస్టు మొదట్లో ఒక ముసలాయన వచ్చాడు. పొడుగు మనిషి, పెద్ద టోపీ, ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపాడట. చేతులు వణుకుతున్నాయి, ఎడమ కన్ను మసక. మా వైపు సెప్టెంబర్ మొదటి తారీఖున గువ్వల వేట మొదలవుతుంది, మనకి దీపావళి ఎంతో వాళ్ళకి అది అంత. ఇదే ఆఖరి సీజన్ అని కూతురికి మాటిచ్చాడట. ఆ తరవాత తుపాకీ ముట్టుకోడు. ఆ ఒక్క సీజనూ తన తుపాకీతోనే వెళ్ళాలి. దాని వార్నిష్ పెచ్చులుపెచ్చులుగా లేస్తోంది, గురి చూసినప్పుడు చెంప ఒరుసుకుపోయి దద్దురు వస్తోంది.

"నా దగ్గర వేరే తుపాకులు బోలెడున్నాయి, ఒకటి పట్టుకెళ్ళు," అన్నాడు పెద్దాయన.

"ఇంకొకడి పళ్ళసెట్టు పెట్టుకుని మొక్కజొన్న పొత్తు తినమంటావా?" అన్నాడు ముసలాయన.

ఒకటో తారీఖు లోపల ఇస్తానని పెద్దాయన మాటిచ్చాడు. వార్నిష్ మొత్తం ఊడదీసి, నున్నగా చేసి, చెక్కని నా బల్ల మీద పెట్టి, తన మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళిపోయాడు. మూడు వారాలు రాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నాతో అన్నాడు: "పన్నెండు రోజులు, మూడు చుక్కలు. కొత్త ఆలోచనలేమైనా వస్తే ఇంటికి పట్టుకెళ్ళి వంటలో వాడుకో."

మర్నాడే ముసలాయన మళ్ళీ వచ్చి, టోపీ తీసి, చెంప నా వైపు తిప్పి చూపించాడు. పోయిన సీజన్‌ది, ఇంకా ఎర్రగానే ఉంది. "యంగ్ లేడీ, మీ నూనె మళ్ళీ ఇలా మండించదు కదా?" అన్నాడు. నలభై అయిదేళ్ళ దాన్ని యంగ్ లేడీ అన్న మనిషికి మేలు చెయ్యాలని ఎవరికి ఉండదు? పైగా ఆ చెంప చూడగానే జబ్బేమిటో నాకు తెలిసిపోయింది. వేడి చేసింది.

మన ఇళ్ళల్లో వేడి చేస్తే ఏం రాస్తారు? ఆముదం. మా అమ్మమ్మ మాడుకి రాసేది, పొట్టకి రాసేది, బండి ఇరుసుకి రాసేది, బట్టల పెట్టెకి కూడా రాసేది. అవిసె నూనె వేడి, ఆముదం చలవ. మూడు తరాల టెక్సాస్ మనుషులకి తట్టని ఈ సంగతి నాకు తట్టినందుకు ఆ రోజంతా నా నడకే మారిపోయింది. బోటనీ ఎమ్మెస్సీ చేసిన దాన్ని, ఏ నూనె ఆరుతుంది, ఏది ఆరదు అనేది పుస్తకంలో చదివి పరీక్ష కూడా రాసిన దాన్ని. ఆ చదువు ఆ పూట ఏ గంగలో కలిసిందో తెలీదు.

ఇంట్లో సీసా తీసుకెళ్ళి, గోరువెచ్చగా చేసి, మూడు చుక్కలు కాదు, చెంచాలతో రాశాను. వార్నిష్ ఊడిన ఆ వాల్‌నట్ చెక్క గటగటా తాగేసింది. రంగు చిక్కబడింది, లోపలి చారలన్నీ పైకి తేలాయి, నా జన్మలో అంత అందమైన చెక్క చూడలేదు. కౌంటర్ పెద్దావిడ కూడా వచ్చి చూసి బాగుందంది. ఆవిడ నోట ఆ మాట రావడం లోకంలో అరుదు. ఆ పొగరుతో రెండో రోజు, మూడో రోజు కూడా పట్టించాను.

నాలుగో రోజుకి ఆరలేదు. గాలిలో తేమ అనుకున్నాను. ఆగస్టులో, టెక్సాస్‌లో, కాకి కూడా నీడ కోసం వెతుక్కునే ఎండలో తేమ ఎక్కడిదని నన్ను నేను అడగలేదు. అయిదో రోజు పిల్లి వచ్చి చెక్కకి ఒళ్ళు రుద్దుకుని వెళ్ళింది. ఆరో రోజు పొద్దున చూస్తే చెక్కకి పసుపురంగు గడ్డం మొలిచింది. పెద్దావిడ ఒక వేలు ఆన్చి, ఆ వేలు నెమ్మదిగా పైకి తీసి, అది చేసిన చప్పుడు విని, "నేనేమీ చూడలేదు" అని కౌంటర్ వెనక్కి వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు భయం వేసింది. ఉద్యోగం పోతుందనే భయం కాదు, అది రెండోది. ఆ ముసలాయనకి మిగిలింది ఒక్క సీజన్. దాన్ని నేను జిడ్డులో ముంచాను.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన ల్యాప్‌టాప్ మూశారు, అంటే సంగతి సీరియస్ అని. "బ్యాకప్ ఏమైనా ఉందా?" అన్నారు.

"చెక్కకి బ్యాకప్ ఏంటండీ."

"అయితే రోల్‌బ్యాక్ చెయ్యాలి. పోసిన నూనె బయటికి తియ్యి. తలంటి పోసుకున్నాక నూనె ఎలా పోగొడతావు?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నాకు పనికొచ్చే సలహా ఇచ్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది ఒకటి. కాకపోతే ఆయన మాట విని నేను మొదట పట్టించింది శనగపిండి. ఆ ఎండలో అది చెక్క మీద బజ్జీ తోపులాగా పట్టుకుపోయింది. ఒక పూటంతా గోకాను. పిల్లి మాత్రం చాలా సంతోషించింది.

అప్పుడు బుద్ధి పెట్టి ఆలోచించాను. పెద్దాయన దగ్గర ఇలాంటి జిడ్డు లాగడానికి ఒక సున్నపుపొడి డబ్బా ఉండేది, అడుగంటిపోయింది. ఆ తెల్ల పొడిని స్పిరిట్‌లో కలిపి, చెక్కకి పట్టించి ఎండలో పెడితే, వేడికి నూనె పైకొస్తుంది, పొడి దాన్ని పీల్చుకుంటుంది. ఆ పొడికి అన్నదమ్ముల వరస మన దగ్గర ఒకటి ఉంది. ఇర్వింగ్ వచ్చి ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తాను. శ్రావణమాసం కాబట్టి పూజ సామాన్ల అరలో ముగ్గుపిండి దొరికింది.

"అయిదు ప్యాకెట్లా ఆంటీ? గృహప్రవేశమా?" అన్నాడు బిల్లు కొట్టే అతను.

"కాదు బాబూ, తుపాకీకి."

అతను ఇంక తలెత్తకుండా బిల్లు కొట్టాడు.

పిండి జల్లించి, స్పిరిట్‌తో కలిపి, చెక్కకి వేలు మందాన పట్టించి, షాపు వెనక పార్క్ చేసిన నా కారులో, ముందు అద్దం కింద ఎండకి పెట్టాను. కిటికీలు కాస్త దించి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నానికి తెల్ల పిండి పసుపు పచ్చగా అయింది. దులిపి, తుడిచి, మళ్ళీ కొత్త పిండి. ఇలా నాలుగు రోజులు. శుక్రవారం వాకిట్లో నాలుగు గీతలు గియ్యడానికి బద్ధకించే దాన్ని, ఆ వారం ఒక తుపాకీకి అయిదు ప్యాకెట్ల ముగ్గు పెట్టాను. నాలుగో రోజు సాయంత్రం పిండి తెల్లగానే రాలింది. అప్పుడు ఆ కుర్చీలోనే కూర్చుని కాసేపు ఏడ్చాను.

కడిగి, ఆరబెట్టి, అవిసె నూనెతో మూడు చుక్కల పని మొదలుపెట్టేసరికి ముప్ఫయ్యో తారీఖు దగ్గరపడింది. పన్నెండు పూతలకి రెండే పడ్డాయి. చెంప ఆన్చి చూశాను. అంటుకోవడం లేదు గానీ, చెక్క ఆకలిగా, పొడిగా ఉంది. పని కాలేదు. కార్డు మీద సంతకం పెట్టబుద్ధి కాలేదు.

ముసలాయన వచ్చాడు. చెక్కని తుపాకీకి బిగించి బల్ల మీద పెట్టాను. ఒక అబద్ధం నోటిదాకా వచ్చి కూర్చుంది. చెక్క చాలా పాతది, ఎక్కువ పూతలు పట్టదు అంటే ఆయన నమ్మేవాడే. కానీ ఆయన వణికే చేత్తో టోపీ తీసి, చెంప ఆన్చడానికి వంగాడు. ఆ ఎర్ర మచ్చ కనబడింది. ఇంక నా వల్ల కాలేదు, మొత్తం చెప్పేశాను. చలవ దగ్గర మొదలుపెట్టి ముగ్గుపిండి దాకా.

ఆయన టోపీ మళ్ళీ తల మీద పెట్టుకున్నాడు.

"ఆముదమంటే," అన్నాడు చివరికి, "చిన్నప్పుడు మా అమ్మ ముక్కు పట్టుకుని తాగించేది, అదేనా?"

"అదే."

"నా తుపాకీకి విరేచనాల మందు పట్టించావు."

"అవును."

"ఎల్లుండి పొద్దున పేలుతుందా, పేలదా?"

"పేలుతుంది. వాన మాత్రం తగలనివ్వకండి. ఇంకా పది పూతలు బాకీ ఉంది, సీజన్ అయ్యాక పట్టుకురండి, నేను పూర్తి చేస్తాను."

"సీజన్ అయ్యాక నాకు వేరే పనేముంది," అన్నాడు. "ఆ నూనె సీసా ఇలా ఇవ్వు. ఎలా రాయాలో చూపించు."

చూపించాను. ఆయన చేతి వణుకుకి మూడు చుక్కలు ఏడయ్యాయి. తుడిచేస్తాను లెమ్మన్నాడు. తుడిచిన గుడ్డ నీళ్ళల్లో తడిపి పారెయ్యాలి, ముద్దగా పడేస్తే దానంతట అదే నిప్పు అంటుకుంటుందని రెండుసార్లు చెప్పాను. సీసా జేబులో పెట్టుకుని, తుపాకీ పట్టుకుని వెళ్ళిపోయాడు. నవ్వాడా, కోప్పడ్డాడా అనేది కూడా నాకు అర్థం కాలేదు.

పెద్దాయన కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. "ఆ బస్సు డ్రైవర్ స్టాక్ ఏమైంది?" అన్నాడు. పట్టుకెళ్ళాడన్నాను. కార్డు చూపించాను, చివరి గీత ఖాళీ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన సొరుగులో పడేసి, ఇంకేమీ అడగలేదు. వచ్చే సోమవారం చెబుదాం అనుకున్నాను. అలాంటి సోమవారాలు ఏడాదికి పైగా గడిచాయి. ఎవరైనా చెక్కకి నూనె గురించి మాట్లాడితే నేను ఆముదం తాగిన మొహం పెట్టుకుని పక్కకి తప్పుకునేదాన్ని.

మరుసటి ఏడు అక్టోబర్‌లో ఒకావిడ ఆ తుపాకీ తీసుకొచ్చింది. ముసలాయన కూతురు. ఆయన జూన్‌లో పోయాడట. ఇనుము తుప్పు పట్టకుండా చూసి పెట్టమని అడగడానికి వచ్చింది.

గుడ్డ విప్పగానే పెద్దాయన ఇనుము సంగతి మరిచిపోయాడు. ఆ చెక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పాడు. మెరుపు కాదది, చెక్క లోపలినుంచి వచ్చే నిగారింపు. మా షాపులో పదిహేడేళ్ళలో నేను చూసిన వందల చెక్కల్లో అలాంటి పనితనం ఇంకోటి లేదు. ఆయన కళ్ళు మూసుకుని చెంప ఆన్చాడు. నిమిషం దాటింది.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

"నాన్నే," అంది ఆవిడ. "ఆ సీజన్ మొదటి రోజు నేనే తీసుకెళ్ళాను. రెండు డబ్బాల తూటాలు కాల్చాడు, ఒక్క గువ్వ ఈక కూడా రాలలేదు. చెంప మాత్రం మండలేదని ఎంత సంబరపడ్డాడో. ఇంటికొచ్చి రోజూ మధ్యాహ్నం దీన్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దేవాడు. రుద్దుతున్నంతసేపూ చేతి వణుకు తగ్గేది. పది పూతలు అన్నారట, పది నెలలు రాశాడు."

నేను ఇక దాచలేక నోరు తెరిచాను. "పెద్దాయనా, మీకొకటి చెప్పాలి. మీరు లేనప్పుడు నేను దీనికి..."

"ఆముదం," అన్నాడు పెద్దాయన.

కౌంటర్ వెనక పెద్దావిడ కాగితాల్లోకి తల దించింది. అప్పుడేమీ చూడలేదన్న మనిషి ఆ సాయంత్రమే ఆస్పత్రిలో ఉన్న ఆయనకి ఫోన్ చేసి చెప్పేసిందట.

"మీరేనా ఆవిడ?" అంది కూతురు. ఆవిడ మొహం విప్పారింది. "తన తుపాకీకి విరేచనాల మందు పట్టించారని నాన్న కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. చర్చిలో చెప్పాడు, బార్బర్‌కి చెప్పాడు. చివర్లో ఆస్పత్రిలో నర్సులు డ్యూటీ మారినప్పుడల్లా కొత్త నర్సుకి మొదటినుంచీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వేవాడు."

అంటే ఆ చుట్టుపక్కల మూడు ఊళ్ళకి తెలిసిన సంగతిని నేను ఏడాదికి పైగా గుండెల్లో దాచుకుని తిరిగాను.

"తెలిసి కూడా నన్నెందుకు పనిలోంచి తియ్యలేదు?" అని అడిగాను పెద్దాయనని.

"మోకాలు కోసి మంచం మీద పడేశారు. నువ్వూ పోతే పని ఎవరు చేస్తారు?" అన్నాడు. మళ్ళీ తనే, "పని నేర్చుకునే రోజుల్లో నేను పందికొవ్వు రాశాను. మా ఓనర్‌కి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది," అన్నాడు.

సొరుగు లాగి ఆ కార్డు తీశాడు. అంచులు పసుపెక్కాయి, చివరి గీత ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని చెక్క పక్కన పెట్టి, పెన్ను నా వైపు దొర్లించాడు.

"ఇది నేను చేసింది కాదు," అన్నాను.

"మొదలుపెట్టింది నువ్వే. చెంప ఆన్చి చూడు."

ఆన్చాను. చల్లగా ఉంది. ఎక్కడా జిడ్డు లేదు, ఏమీ అంటుకోలేదు. ఆ ముసలాయన చెంప ఆనిన చోటే నా చెంప ఉందని తట్టేసరికి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి, ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆయన కూతురు నా భుజం మీద చెయ్యి వేసింది. పెద్దావిడ టిష్యూ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

పెద్దాయన నా వైపు ఒకసారి చూసి, చెక్కని మెల్లిగా నా చెంప కిందనుంచి పక్కకి లాగాడు.

"చెక్క మీద పడనివ్వకు," అన్నాడు. "నీటి చుక్క పడితే మచ్చ పోదు."